తాగిందన్నారు, ఎండదెబ్బన్నారు

లిండ్‌బ్రూక్, విస్కాన్సిన్
జూలై 21, 1980

మారిత్‌కి,

గేల్ పెళ్ళికి నేనెందుకు రాలేదో నీకు తెలుసు. శుభలేఖ మీద నా పేరు తప్పు రాసినవాళ్ళ ఇంటి భోజనం నాకు సహించదు. ముప్పై ఏళ్ళు ఈ ఊరి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చుని ప్రతివాడి పేరూ సరిగ్గా పలికాను. నా పేరు రాయడం మాత్రం ఆ పెళ్ళికొడుక్కి, నా సొంత చిన్న తమ్ముడి కొడుక్కే, రాలేదు.

రాకపోయినా అక్కడి సంగతులన్నీ నాకు చేరాయి. పాస్టర్ గారి భార్య వెర్నా ఉండగా ఈ ఊరికి వార్తాపత్రిక దండగ. నిన్న ప్రార్థన అవగానే మా ఇంటికొచ్చి, చెప్పకూడదనుకున్నానండీ అంటూ మొదలుపెట్టి, కాఫీ కుండ ఖాళీ అయ్యేదాకా చెప్పింది. తోడి పెళ్ళికూతురివై నిలబడ్డ నీ కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయట. ముఖం, మెడ ఉడికించిన బీట్‌రూట్ రంగట. ప్రమాణాలు చెబుతుంటే తూలావట. తర్వాత బయటికి పరిగెత్తి చర్చి మెట్ల మీదే కక్కుకున్నావట. ఇద్దరు మగవాళ్ళు నిన్ను ఎత్తి కారులో పడేశారట.

మీ నాన్న కూడా తాగేవాడు. కానీ పెళ్ళి పూర్తయ్యేదాకా ఆగేవాడు.

నువ్వు చేసుకోబోయే ఆ డ్వేన్ సీటు పాడవకుండా పాత దుప్పటి పరిచాడని వెర్నా తెగ మెచ్చుకుంది. అంత ముందుచూపున్నవాడు దొరకడం నీ అదృష్టం.

ఏం జరిగిందో నువ్వే రాయి. ఫోన్ మాత్రం చేయకు. ఈ ఊళ్ళో ఫోన్ ఎత్తితే ఎవరు వింటారో నాకు బాగా తెలుసు. అన్నేళ్ళు విన్నదాన్ని నేనే.

తలెత్తుకుని కిరాణా కొట్టుకి వెళ్ళలేకపోతున్న
నీ మేనత్త ఆర్డిత్

లిండ్‌బ్రూక్
ఆగస్టు 4

మారిత్,

రెండు వారాలైంది. జవాబు లేదు. అంటే వెర్నా చెప్పింది నిజమేనన్నమాట. ఆమె జన్మలో ఒక్కసారి నిజం చెప్పింది, అదీ నీ విషయంలో.

నీ మూడో ఏట మీ అమ్మ పోతే నిన్ను నా దగ్గరికి తెచ్చుకున్నాను. కష్టపడి పెంచానని చెప్పుకోను. పెద్ద కష్టమేం పెట్టలేదు నువ్వు. కానీ అడిగినదానికి జవాబు చెప్పడం మాత్రం నేర్పాననుకున్నాను. మిల్వాకీ బేకరీలో కేకుల మీద క్రీముతో గులాబీలు వేసే చేతికి ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాయడం బరువైపోయిందా? ఎవరి పుట్టినరోజుకైనా శుభాకాంక్షలు రాస్తావు. నాకు మాత్రం రాయవు.

టమాటాలు విరగకాశాయి. నీకు పంపను.

ఆర్డిత్

మిల్వాకీ
ఆగస్టు 11

అత్తా,

నీ ఉత్తరాలు రెండూ ఒకేసారి చదివాను. ఆసుపత్రి నుంచి వచ్చేసరికి తలుపు కింద పడున్నాయి. పక్కన కరెంటు బిల్లు కూడా ఉంది. మూడింటిలో అదే కాస్త మర్యాదగా ఉంది.

ఆ రోజు నేను తాగింది ఒక కప్పు కాఫీ. అదీ లోపల నిలవలేదు. ముందు రోజు సాయంత్రమే చలి పట్టుకుంది. గొంతులో ఇసుక పోసినట్టుంది, తొడలు ఎవరో కర్రతో బాదినట్టు నొప్పి. గేల్ పెళ్ళి చెడగొట్టకూడదని పైకి చెప్పలేదు. పాస్టర్ గారి ప్రసంగం మధ్యలో జ్వరం ఎంతుందో ఏమో, ఆయన తల చుట్టూ ఇంకో తల కనిపించింది. మీ వెర్నాకి అది సారా మత్తులా తోచింది.

అక్కడి డాక్టరుకి చూపించారు. ఒళ్ళంతా ఎర్రగా ఉంటే, సరస్సు దగ్గర ఎండలో పడుకున్నావా అని అడిగాడు. లేదన్నాను. అయినా ఎండదెబ్బ అన్నాడు. తర్వాత వంగి నా నోరు వాసన చూశాడు. తర్వాత నన్ను బయట కూర్చోబెట్టి, ఈమెకి ఎంతమందితో పరిచయం అని డ్వేన్‌ని అడిగాడు. నన్ను అడిగుంటే చెప్పేదాన్ని, మీలాంటివాళ్ళతో ఇదే మొదటి పరిచయం అని.

డ్వేన్ నన్ను మిల్వాకీ తెచ్చి ఇంట్లో దింపి, మంచం పక్కన ఆస్పిరిన్ సీసా, బకెట్టు పెట్టి బేస్‌బాల్ చూడ్డానికి వెళ్ళిపోయాడు. నీ మాటే నిజం, ముందుచూపున్నవాడు. అప్పటికి వాంతులతో పాటు విరేచనాలు. లేచి నిలబడితే చాలు కళ్ళు బైర్లు కమ్మేవి. సోమవారం మేడ మీది మిసెస్ కోవాల్‌స్కి, కింద అడుగుల చప్పుడు లేదేమిటని సూప్ పట్టుకుని వచ్చింది. స్నానాల గదిలో నేల మీద ఉన్నాను. నేను ఆమెని చూసి పోలిష్ భాషలో ఏదో మాట్లాడానట. నాకు పోలిష్ రాదు. ఆమెకేమో అర్థమైందట.

ఆసుపత్రిలో రక్తపోటు చూసిన నర్సు, యంత్రం పాడైందని ఇంకోటి తెప్పించింది. యంత్రం బాగానే ఉంది. మూత్రపిండాలు పని ఆపేశాయి. ముక్కులో గొట్టం, మెడలో గొట్టం. చివరికి చిన్న వయసు డాక్టరమ్మ ఒకామె వచ్చి, అంతవరకూ ఎవరూ అడగని ఒక్క ప్రశ్న అడిగింది. ఆ కారణం నా లోపలే ఉంది. దాన్ని వెంటనే తీసేశారు. సెలైనూ మందులూ ఎక్కించారు. బతికాను.

అదేమిటో ఇక్కడ రాయను. మీ ఊరి పోస్టాఫీసులో కవర్లకి ఆవిరి పట్టడం తెలిసినవాళ్ళున్నారని నువ్వే చెప్పేదానివి.

తాగుబోతు
మారిత్

లిండ్‌బ్రూక్
ఆగస్టు 16

మారిత్,

నీ ఉత్తరం చదివాను. నేను పల్లెటూరిదాన్నే గాని చిన్నపిల్లను కాను. లోపల ఉన్నదాన్ని తీసేశారు, డాక్టరు పరిచయాల గురించి అడిగాడు, ఉత్తరంలో రాయలేను. ఈ మూడూ కలిపితే ఏమవుతుందో ముప్పై ఏళ్ళు జనం మాటలు విన్నదానికి వేరే చెప్పాలా? ఈ ఊళ్ళో ఏ ఇంటి ఆడపిల్ల ఎప్పుడు ఉన్నట్టుండి చుట్టాలింటికి వెళ్ళొచ్చిందో నేను వేళ్ళ మీద చెప్పగలను. ఒక్కరి గుట్టూ బయటపెట్టలేదు.

నీదీ పెట్టను. తిట్టను కూడా. కానీ ఆ పనికి ఏ పెరటి మంత్రసాని దగ్గరికి వెళ్ళి ఒళ్ళు ఇలా విషం చేసుకున్నావు? సరిగ్గా చేసే ఆసుపత్రులు ఇప్పుడున్నాయి కదా. నన్నడిగితే తోడు వచ్చేదాన్ని. మొహం మాడ్చుకునే వచ్చేదాన్ని, అయినా వచ్చేదాన్ని.

ఆ డ్వేన్ చేసిన ఘనకార్యానికి ఇప్పుడు తొందరపడి పెళ్ళి చేసుకుని వాడికి బహుమానం ఇవ్వకు. బకెట్టు పెట్టి ఆటకి వెళ్ళినవాడు రేపు పురిటి మంచం పక్కనా బకెట్టే పెడతాడు.

ఆర్డిత్ అత్త

మిల్వాకీ
ఆగస్టు 22

అత్తా,

శభాష్. ఆ వాసన చూసిన డాక్టరుకి మూడు నిమిషాల్లో తట్టినదే నీకు ఇన్నేళ్ళ అనుభవంతో తట్టింది. వెర్నా తాగిందంది, ఆయన తిరిగిందన్నాడు, నువ్వు కడుపు తీయించుకుందన్నావు. ఆడది నేల మీద పడితే ఈ మూడింటిలో ఒకటై ఉండాలి కాబోలు.

సరే, పోస్టాఫీసువాళ్ళు కూడా చదువుకోనీ. టాంపాన్. నెలసరికి లోపల పెట్టుకునే దూది చుట్ట. ఎక్కువ పీలుస్తుంది, రోజంతా దిగుల్లేదని డబ్బా మీద అచ్చు వేసిన కొత్త రకం. పెళ్ళి హడావుడిలో మార్చుకోవడానికి వీలుండదని అదే పెట్టుకున్నాను. మనుషుల చర్మం మీదా ముక్కులోనూ మామూలుగా ఉండే క్రిమి ఒకటి అందులో చేరి, పెరిగి, విషం తయారు చేసి రక్తంలోకి వదిలిందట. దీని పేరు టాక్సిక్ షాక్ సిండ్రోమ్. ఈ రాష్ట్రంలో నాలాంటివాళ్ళు చాలామంది ఉన్నారట. కొందరు చచ్చిపోయారు. వాళ్ళ అత్తలు కూడా కిరాణా కొట్టుకి తలెత్తుకుని వెళ్ళలేకపోయారేమో తెలియదు.

దీని గురించి నాకు ఎవరూ చెప్పలేదు. నువ్వు చెప్పింది అసలే లేదు. నాకు పన్నెండేళ్ళప్పుడు నాప్కిన్ల డబ్బా మంచం మీద పెట్టి, లోపల కాగితం ఉంది చదువుకో అని తలుపేసి వెళ్ళావు.

ఆసుపత్రిలో మొదలైంది, ఇంకా తోలు ఊడుతోంది. చేతులు కడుక్కుంటుంటే బొటనవేలి చర్మం తొడుగులా మొత్తంగా వచ్చేసింది. అరచేతులు, అరికాళ్ళు అంతా ఇలాగే. కింద ఉన్న కొత్త చర్మానికి గోరువెచ్చని నీళ్ళు కూడా మంట. బేకరీ యజమాని నా చేతులు చూసి, కొనేవాళ్ళు కుష్టు అనుకుంటారు, బాగయ్యాక రా అన్నాడు. డ్వేన్ మర్యాదస్తుడు, మంచం అంచున కూర్చుని, మా అమ్మకి ఇబ్బందిగా ఉంది అన్నాడు. దేనికి ఇబ్బంది అని అడిగాను. ఆ పేరు నలుగురిలో చెప్పుకోలేం కదా అన్నాడు. నిశ్చితార్థం ఉంగరం వేలి నుంచి తీయక్కర్లేకుండానే జారింది, అంత చిక్కిపోయాను. పట్టుకుపొమ్మన్నాను.

ఇది మళ్ళీ రావచ్చట, వచ్చే నెలసరికే. అది చాలు నాకు భయపడటానికి. నీ ఉత్తరాలు కూడా వద్దు.

మారిత్

లిండ్‌బ్రూక్
సెప్టెంబర్ 6

మారిత్,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. పొయ్యిలో వేసే ముందు ఒకసారి చదువు, తర్వాత నీ ఇష్టం.

పోయిన ఆదివారం చర్చి విందు. వారమంతా వాన, అందుకని ఆరుబయట పెట్టాల్సింది నేలమాళిగలో పెట్టారు. మొక్కజొన్న పొత్తులు, సాసేజ్‌లు, వెర్నా చేసిన బంగాళదుంపల సలాడు. ఆ సలాడు ఎలా ఉందో చెప్పి నిన్ను ఇంకా బాధపెట్టను. వెర్నా కూతురు కారిన్ గుర్తుందా, స్కూలు బ్యాండులో డోలు వాయిస్తుంది, పదహారేళ్ళు. కాఫీ అందిస్తూ అందిస్తూ మెట్ల మీద కూలబడింది. పొద్దున్నుంచి వాంతులట. ఒళ్ళు కాలిపోతోంది.

ఫ్లూ అండీ, నిన్న ఎండ కూడా తగిలింది అంది వెర్నా. నిన్న ఎండ ఎక్కడుంది? ఈ ఊళ్ళో ఆ వారం ఎండదెబ్బ తగలాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి. పిల్ల కళ్ళు చూశాను, ఎర్రగా ఉన్నాయి. మెడ చూశాను. వేలితో నొక్కితే తెల్లబడి మళ్ళీ ఎర్రబడింది. లేవబోయి మళ్ళీ పడింది.

నేను అక్కడే అడిగాను. "నీకిప్పుడు నెలసరా?"

పాస్టర్ గారు చేతిలో సాసేజ్ ఫోర్కుతో అలాగే నిలబడిపోయారు. వెర్నా నా మోచెయ్యి పట్టుకుంది. "ఆర్డిత్ గారూ, మగవాళ్ళున్నారండీ."

"ఉండనీ. ఆ మాట వింటే వాళ్ళేం చావరు. కారిన్, టాంపాన్ పెట్టుకున్నావా?"

పిల్ల తలూపింది. నేనే మరుగుదొడ్డికి తీసుకెళ్ళి తీయించాను. ఎప్పుడు పెట్టుకున్నావంటే గుర్తులేదంది. పాస్టర్ గారి కారులో పెద్దాసుపత్రికి వెళ్ళాం. అక్కడున్న కుర్ర డాక్టరు ఫ్లూ అన్నాడు, నీళ్ళు బాగా తాగించమన్నాడు. నేను అతని తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుని నీ ఉత్తరం చెప్పాను. జ్వరం, గొంతు, తొడల నొప్పి, వాంతులు, విరేచనాలు, ఎరుపు, లేస్తే కళ్ళు తిరగడం, మతి తప్పడం, ఆఖరికి మూత్రం ఆగడం. ఉత్తరం చేతిలో లేదు. ఎన్నిసార్లు చదివితే అలా నోటికి వచ్చిందో అడక్కు. పేరు కూడా చెప్పాను. అతను ఎవరికో ఫోన్ చేసి వచ్చి, మారు మాట్లాడకుండా సెలైను పెట్టించాడు. ఆ సాయంత్రమే పిల్ల రక్తపోటు పడిపోయింది. అప్పటికే సూదులన్నీ పెట్టి ఉండబట్టి నిలబెట్టారు. ఇప్పుడు లేచి కూర్చుని ఆసుపత్రి తిండిని తిడుతోంది. బాగయినట్టే లెక్క.

మీకెలా తెలిసిందండీ అని వెర్నా అడిగింది.

"మా పిల్లకి వచ్చింది. పెళ్ళిలో తాగి తూలిందని నువ్వు చెప్పావే, ఆ రోజున."

ఆమె ఏడ్చింది. నేను ఓదార్చలేదు. రుమాలు ఇచ్చాను, అంతే.

నీ విషయంలో నేను అనుకున్నది తప్పు. ఈ వాక్యం రాయడానికి మూడు కాగితాలు చింపాను, కాబట్టి రెండోసారి రాయమని అడక్కు.

టమాటాలు బస్సులో వేస్తున్నాను. చేతులు మండితే మిసెస్ కోవాల్‌స్కిని కోసిపెట్టమను.

అత్త

మిల్వాకీ
అక్టోబర్ 4

అత్తా,

కారిన్ ఇంటికి వచ్చిందా? ఆమె అరచేతుల చర్మం ఈపాటికి సగమైనా ఊడి ఉంటుంది. భయపడొద్దని చెప్పు. లాగొద్దని కూడా చెప్పు, నేను లాగాను, పుండైంది. ఇకమీదట ఆ సరుకు జోలికి పోవద్దని గట్టిగా చెప్పు. నువ్వు ఎలా చెబుతావో తలుచుకుంటే పాపం అనిపిస్తోంది.

నీ ఉత్తరం పొయ్యిలో వేయలేదు. పాస్టర్ గారి ఫోర్కు దగ్గర మిసెస్ కోవాల్‌స్కి ఎంత నవ్విందంటే, టమాటా గొంతుకు అడ్డం పడి వీపు మీద చరచాల్సి వచ్చింది.

నెలసరి వచ్చి వెళ్ళింది. ఏమీ కాలేదు. ఆ రోజుల్లో గంటగంటకీ థర్మామీటరు పెట్టుకుని కూర్చున్నాను.

ఆ కంపెనీ సరుకు కొట్లలోంచి తీసేస్తోందని పేపర్లో చూసే ఉంటావు. వాళ్ళ తప్పేమీ లేదట, మన మీద దయతో తీసేస్తున్నారట. ఊళ్ళో పిల్లల్ని కరిచిన కుక్కని కట్టేస్తూ, కుక్క మంచిదే, మీరు భయస్తులు అన్నట్టుంది. డబ్బా మీద దిగుల్లేదని రాయడానికి చోటుంది. జ్వరం వస్తే తీసేయండి అని రాయడానికి మాత్రం చోటు చాలలేదు.

మళ్ళీ బేకరీకి వెళ్తున్నాను. గులాబీలు వేయడం లేదు. వేళ్ళ చివర్లకి స్పర్శ సరిగా లేదు, క్రీము గొట్టం ఎంత నొక్కుతున్నానో తెలియడం లేదు. మొదటి కేకు మీద పేరు రాశాను. కొన్నవాళ్ళు చూసి, ఈ లెరోయ్ ఎవరు అని అడిగారు. నాకూ తెలియలేదు. ఇలా చాలా మర్చిపోతున్నాను. కొట్టుకి వెళ్ళి, దేనికొచ్చానో తెలియక ఉప్పు కొనుక్కొస్తున్నాను. ఇంట్లో ఉప్పు ఏడాదికి సరిపడా ఉంది. ఇప్పుడు జుట్టు రాలుతోంది. దువ్వెనతో కాదు, చేత్తో పట్టుకుంటే చేతిలోకి వస్తోంది. రెండు మూడు నెలలకి ఇలా అవుతుందనీ, మళ్ళీ మొలుస్తుందనీ డాక్టరమ్మ చెప్పింది. గోళ్ళు కూడానట.

ఇరవై మూడేళ్ళకి బట్టతల. డ్వేన్ వాళ్ళమ్మ చూసుంటే ఎంత ఇబ్బందిపడేదో.

మారిత్

లిండ్‌బ్రూక్
అక్టోబర్ 10

మారిత్,

ఇరవై ఐదో తేదీ శనివారం చర్చి నేలమాళిగలో ఆడవాళ్ళని పోగుచేస్తున్నాం. పెద్దలూ పిల్లలూ అందరూ. నువ్వొచ్చి మాట్లాడాలి. నోటీసులో 'శుభ్రత' అని వేద్దామన్నారు పాస్టర్ గారు. శుభ్రంగా లేక రాలేదండీ ఇది అన్నాను. 'ఆడవాళ్ళ ఆరోగ్యం' అన్నారు. చివరికి అసలు పేరే వేయించింది వెర్నా, స్వయంగా. నేను ఆశ్చర్యపడ్డాను, పైకి కనబడనివ్వలేదు. ఆమె సలాడు కూడా తెస్తానంటోంది. అన్నీ ఒకేసారి బాగుపడవు.

మర్చిపోతానంటావని తెలుసు. నేను మూడో వరుసలో కూర్చుంటాను. ఆగిపోతే అందిస్తాను.

విగ్గు పెట్టుకుని రాకు. వాళ్ళు నిన్ను ఉన్నట్టుగా చూడాలి. నాకూ చూడాలనుంది.

బస్సు దగ్గరికి నేనే వస్తాను.

అత్త

మిల్వాకీ
అక్టోబర్ 27

అత్తా,

క్షేమంగా చేరాను. వెర్నా కట్టిచ్చిన సలాడుని దారిలో ఒక చెత్త డ్రమ్ములో గౌరవంగా వదిలిపెట్టాను.

మీ ఊరి ఆడవాళ్ళ గురించి ఏం చెప్పను? అరవైమంది దాకా ఉన్నారు. నా చేతులు చూపిస్తే నేల పలకల వైపు చూశారు. నెలసరి అన్న ప్రతిసారీ ఎవరో ఒకరు దగ్గారు. మధ్యలో నిజంగానే మర్చిపోయాను. మూడో వరుస నుంచి విరేచనాలు అని నువ్వు అరిచిన అరుపు వీధిలోకి వినబడి ఉంటుంది. ఏమైనా అడగాలా అంటే ఒకే ఒక్క చెయ్యి లేచింది, కాఫీ ఇంకా ఉందా అని. ఇంతకోసమా బోడి తలతో అంత దూరం వచ్చానని నీ ముందే విసుక్కున్నాను. నువ్వు బస్సుకి గంట ముందే నన్ను బయల్దేరదీశావు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

నువ్వు బస్సు దగ్గర దింపి వెళ్ళాక జరిగింది చెప్పాలి. కారిన్, ఆమెతో ఇంకో ముగ్గురు పిల్లలు సైకిళ్ళ మీద వచ్చారు. లోపల నోరు విప్పనివాళ్ళు ఇక్కడ ఒకరి మాట మీద ఒకరు పడి అడిగారు. ఎంతసేపు ఉంచుకోవచ్చు, రాత్రి పెట్టుకోవచ్చా, అమ్మకి చెప్పలేకపోతే ఎవరికి చెప్పాలి. చివరిదానికి నీ ఇల్లు చూపించాను. తలుపు కొట్టేవాళ్ళొస్తే కసురుకోకు. కసురుకున్నా సరే, లోపలికి రానీ.

కారిన్ తన అరచెయ్యి నా అరచెయ్యి పక్కన పెట్టి చూసుకుంది. ఆమెది కూడా గులాబీ రంగులో, కొత్తగా, గీతలు సరిగా పడకుండా ఉంది.

బస్సు ఎక్కాను. డ్రైవరు యాభై ఏళ్ళ మనిషి, బండగా ఉన్నాడు. మేం మాట్లాడుకున్నదంతా కిటికీలోంచి విన్నాడని అతని మొహం చూస్తేనే తెలిసింది. నా తల వైపు చూశాడు. ఏదో ఒకటి అంటాడు, అన్నాక నేనేమనాలో కూడా సిద్ధం చేసుకున్నాను. నువ్వు విని ఉంటే మెచ్చుకునేదానివి.

అతను గొంతు తగ్గించి అడిగాడు. "మా అమ్మాయికి పద్నాలుగేళ్ళమ్మా. ఇంట్లో నేనూ అదే. ఇందాక ఆ పిల్లలకి చెప్పారు కదా, అది నాకూ చెబుతారా?"

సంచి కింద పెట్టి అతని వెనక సీట్లో కూర్చున్నాను. వెనక ఎవరో టైమైపోతోంది అన్నారు. బస్సు ఆగుతుందిలెండి అన్నాడు అతను. ఇంజను ఆపేసి, స్టీరింగ్ మీంచి చేతులు తీసి నా వైపు తిరిగి కూర్చున్నాడు.

మొదట జ్వరం వస్తుంది, అన్నాను.

నీ
మారిత్